పీడీఎఫ్‌లు చదవడానికి తొలి ఈ-రీడర్: ముందుగా పేజీని కొలవండి

ఈ-రీడర్ కొనాలనుకొనేవారు సాధారణంగా కంపెనీ పేరుతోనో, ధరతోనో ఆలోచన మొదలుపెడతారు. నవలలూ కథలూ చదువుకోవడానికైతే ఆ వరస సరిపోతుంది. కాని చదవవలసినవి పీడీఎఫ్‌లు అయినప్పుడు, అందులోనూ తెలుగు పీడీఎఫ్‌లు, పాత పుస్తకాల స్కాన్లు అయినప్పుడు, అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది మీరు ఎక్కువగా చదివే పేజీ అసలు కొలత ఎంత అన్నది. ఆ కొలత తెలిస్తే తెర పరిమాణం తేలుతుంది. తెర పరిమాణం తేలిన తరువాత మిగిలే పరికరాలు కొన్నే కనుక, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో చరిత్రలో పరిశోధన చేస్తున్న మా అన్న కూతురు ఈమధ్య కడపకు వచ్చినప్పుడు, "చిన్నాయనా, ఫోన్లో చదివీ చదివీ కండ్లు మండుతున్నాయి, ఏది కొనమంటావు?" అని అడిగింది. "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగితే, "అన్నీ పీడీఎఫ్‌లే చిన్నాయనా, సగం స్కాన్లే" అన్నది. రేనాటి (కడప చుట్టుపక్కల ప్రాంతపు పాత పేరు రేనాడు) చరిత్ర మీద ఉన్న ఇష్టంతో నేనూ చాలాకాలంగా అటువంటివే చదువుతున్నాను. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో దొరికిన క్రీ.శ. 575 ప్రాంతపు శాసనం మొదలుకొని ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల (ఊళ్ల చరిత్రల) దాకా, ఈ ప్రాంతం గురించి చదవదగినదంతా నాకు ఎక్కువగా స్కాన్ల రూపంలోనే దొరికింది. అందువల్ల ఆమెకు చెప్పినదాన్ని ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

పీడీఎఫ్‌ను అడోబీ సంస్థ 1993లో విడుదల చేసింది. 2008లో అది ఐఎస్‌ఓ 32000 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏ యంత్రంలో తెరిచినా, ఏ ప్రింటరులో తీసినా పేజీ ఒకేలా కనబడాలన్నది దాని ఉద్దేశం. ప్రతి అక్షరమూ పేజీ మీద ఏ స్థానంలో ఉండాలో అందులో ముందే నిర్ణయమై ఉంటుంది. ఈపబ్ వంటి ఈ-పుస్తక రూపాలలో అక్షరం పెద్దది చేస్తే వాక్యాలు తెర వెడల్పుకు తగినట్లు సర్దుకొంటాయి. పీడీఎఫ్‌లో అక్షరం ఒక్కటే పెరగదు, పేజీ మొత్తం పెరుగుతుంది. పెరిగిన పేజీ తెరను దాటిపోతుంది, దాన్ని పక్కకూ కిందికీ జరుపుకొంటూ చదవవలసి వస్తుంది. ఫోనులో ఆ జరపడం ఒక వేలితో అయిపోతుంది కాని, ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర మీద అలా సాగదు. ఆ తెరలో సూక్ష్మమైన గుళికలలో తెల్లని, నల్లని రేణువులు ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు అవి పైకీ కిందికీ కదిలి బొమ్మను ఏర్పరుస్తాయి, ఆ తరువాత విద్యుత్తు అక్కర లేకుండానే అక్కడే నిలిచి ఉంటాయి. ఒకసారి చార్జింగు పెడితే వారాల తరబడి రావడానికి కారణం ఇదే. ప్రతి కదలికకూ రేణువులు భౌతికంగా చోటు మారవలసి ఉండడం వల్ల పేజీని జరపడం నెమ్మదిగా, మసకమసకగా జరగడానికీ కారణం ఇదే. కాబట్టి 'చిన్న తెర తీసుకొని జూమ్ చేసుకొని చదువుకొంటాను' అన్న ఆలోచన పీడీఎఫ్ విషయంలో నిలవదు. పేజీ మొత్తం, లేదా కనీసం దాని సగం, జరపనవసరం లేకుండా చదవగలిగేంత పెద్దగా తెర మీద పట్టాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. తెర అంగుళాలను మూల నుంచి మూలకు కొలుస్తారు కనుక 6 అంగుళాల ఈ-రీడర్ తెర సుమారు 91 మిల్లీమీటర్ల వెడల్పు, 122 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ తెర మీద ఎ4 పేజీ మొత్తం పట్టాలంటే అది తన కొలతలో 41 శాతానికి కుదించుకుపోవాలి. అంటే 12 పాయింట్లలో టైపు చేసిన వాక్యం 5 పాయింట్లకు పడిపోతుంది. 7 అంగుళాల తెర మీద ఆ పేజీ 48 శాతంగానూ, 7.8 అంగుళాల మీద 53 శాతంగానూ, 10.3 అంగుళాల మీద 70 శాతంగానూ, 13.3 అంగుళాల మీద 91 శాతంగానూ కనబడుతుంది. పరిశోధన వ్యాసాలలో అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) సాధారణంగా 8, 9 పాయింట్లలో ఉంటాయి. వాటిని 41 శాతానికి తగ్గించి చూస్తే చదవడానికి ఏమీ మిగలదు. చరిత్ర చదివేవారికి అధోజ్ఞాపిక అంటే అదనపు అలంకారం కాదు, చాలాసార్లు అసలు విషయం ఉండేదే అక్కడ.

ఈ అంకెలను కంటితో పరీక్షించుకోవడానికి ఏ పరికరమూ కొననక్కర లేదు. మీరు రోజూ చదివే పీడీఎఫ్‌లలో అన్నిటికంటే సన్నని అక్షరాలున్న పేజీలను కొన్నిటిని తీసుకొని దగ్గరలోని జిరాక్సు అంగడికి వెళ్లండి. మొదట ఎ4 కాగితం మీద ఒక పక్క రెండు పేజీలు వచ్చేలా ప్రింటు తీయించండి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు డబ్బు ఆదా చేసుకోవడానికి తీయించుకొనే పద్ధతి అదే కనుక అంగట్లో వివరించి చెప్పవలసిన పని ఉండదు. అలా తీసినప్పుడు ప్రతి పేజీ 71 శాతానికి తగ్గుతుంది, అంటే దాదాపుగా 10.3 అంగుళాల తెర మీద మీకు కనబడబోయే పరిమాణం అదే. తరువాత అవే పేజీలను ఒక పక్క నాలుగు వచ్చేలా తీయించండి. అప్పుడు 50 శాతం అవుతుంది, అది 7 అంగుళాల తెరకు దగ్గర. ఆ రెండు కాగితాలనూ ఇంటికి తెచ్చుకొని, సాయంత్రం మీరు మామూలుగా కూర్చొనే చోట, మామూలు వెలుతురులో, ఒక అరగంట వరుసగా చదవండి. ఒక వాక్యం చదవగలిగితే చాలదు, అరగంట చదవగలగాలి. లేజర్ ప్రింటరు అచ్చు ఈ-రీడర్ తెరకంటే పదునుగా ఉంటుంది కనుక, కాగితం మీద కష్టమైనది తెర మీద మరింత కష్టమవుతుంది. కొన్ని రూపాయల ఖర్చుతో అయ్యే ఈ పరీక్ష వేల రూపాయల నిర్ణయానికి ఆధారమవుతుంది. వివరాల పట్టికలు ఎన్ని చదివినా కలగని స్పష్టత నాకు దీనితోనే కలిగింది.

తెలుగు చదివేవారు ఇంగ్లీషువారి సలహాలను యథాతథంగా తీసుకోకూడదనడానికి మన లిపే కారణం. ఇంగ్లీషు అక్షరం గీతకు కొంచెం పైకీ కొంచెం కిందికీ పోతుంది, అంతే. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరొక ఒత్తు ఉంటాయి. ద-ధ, ప-ఫ, డ-ఢ, చ-ఛ జంటలను వేరు చేసేది కింద ఉండే చిన్న గీత ఒక్కటే. పాత అచ్చు పుస్తకాలలో వీటికి అరసున్న కూడా తోడవుతుంది. 6 అంగుళాల తెర మీద అంగుళానికి 300 పిక్సెళ్లు (బొమ్మను ఏర్పరిచే చుక్కలు) ఉన్నా, 5 పాయింట్లకు తగ్గిన అక్షరానికి దొరికేది సుమారు 20 పిక్సెళ్ల ఎత్తు మాత్రమే. గుడీ, తలకట్టూ, అక్షరమూ, ఒత్తూ ఆ 20లోనే సర్దుకోవాలి. అదే పేజీని 10.3 అంగుళాల తెర మీద, అంగుళానికి 227 పిక్సెళ్లతోనే చూసినా, అక్షరానికి సుమారు 26 పిక్సెళ్లు దొరుకుతాయి. 300 ఉంటే 35 దొరుకుతాయి. పెద్ద తెరలో పిక్సెళ్ల సాంద్రత తక్కువగా ఉన్నంత మాత్రాన అది నాసిరకం అనుకోకూడదు. మన అక్షరానికి మొత్తం ఎన్ని పిక్సెళ్లు దక్కుతున్నాయన్నదే చూడాలి.

తెలుగు పీడీఎఫ్‌లలో మూడు జాతులున్నాయి, వాటి నడవడి వేరువేరు. మొదటిది యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లన్నీ తెలుగుగానే గుర్తించే సంకేతాలలో, టైపు చేసినది. అందులో పదం వెతకవచ్చు, అక్షరాలను బయటికి తీసి వేరే రూపంలోకి మార్చుకోవడానికి ప్రయత్నించవచ్చు. రెండవది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ కాలం నుంచి మన డీటీపీ కేంద్రాలలో వాడుతున్న 'అను' వంటి ఫాంట్లతో చేసినది. చూపుకు తెలుగే కాని, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదిగి ఉంచుతారు కనుక, తెలుగు ఫాంటు లేని పరికరంలో కూడా పేజీ చక్కగా కనబడుతుంది. ఇది పీడీఎఫ్ వల్ల మనకు కలిగిన గొప్ప మేలు. కాని అదే ఫైలును ఈపబ్‌గానో, కిండిల్ రూపంలోకో మార్చబోతే అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు బయటపడుతుంది. వెతకడమూ కుదరదు. మూడవది స్కాను. అది పేజీకి తీసిన ఫోటో మాత్రమే, అందులో అక్షరమన్నదే లేదు. బొమ్మలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాధనాలలో గూగుల్ డ్రైవ్‌లోనిది గానీ, టెసరాక్ట్ గానీ తెలుగును గుర్తిస్తాయి. అయితే పాత అచ్చులో ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రతి పుటనూ మూలంతో సరిచూసుకోవలసి వస్తుంది. క్యాలిబర్ వంటి మంచి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా, మార్చడానికి పీడీఎఫ్ అత్యంత కష్టమైన రూపాలలో ఒకటని తన సహాయ పత్రంలోనే చెబుతుంది. అందుచేత, 'చిన్నది కొని తరువాత మార్చుకొని చదువుదాం' అన్న దారి ఇంగ్లీషు పుస్తకాలకు కొంతవరకు తెరిచి ఉన్నా, రెండవ, మూడవ జాతి తెలుగు ఫైళ్లకు మూసుకుపోయినట్లే. మా అన్న కూతురి దగ్గరున్న ఫైళ్లు చాలావరకు ఆ రెండు జాతులవే.

స్కాన్ల విషయంలో మరొక సంగతి గుర్తుంచుకోవాలి. స్కాను ఫైలులో రాసి ఉండే పేజీ కొలతను నమ్మడానికి లేదు. స్కాను చేసినప్పుడు అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్న సాంద్రత తప్పుగా నమోదైతే, అరచేతిలో పట్టే పుస్తకం కూడా గోడపత్రిక అంత ఉన్నట్లు కంప్యూటరు చూపిస్తుంది. అసలు పుస్తకాన్ని గ్రంథాలయంలో తీసి స్కేలుతో కొలవడమే సరైన పద్ధతి. కడపలో ఎర్రముక్కపల్లిలో ఉన్న సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయంలో నేను చేసిన పని అదే. స్కానుగా నా దగ్గరున్న పుస్తకాల అసలు ప్రతులను కొలిచి చూస్తే, తెలుగు పుస్తకాలలో ఎక్కువ భాగం డెమీ ఎనిమిదో వంతు సైజువి, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు ఉన్నవి. శాసన సంపుటాలు మాత్రం దాదాపు ఎ4 అంత ఉంటాయి. డెమీ పుస్తకం 10.3 అంగుళాల తెర మీద 97 శాతంగా, అంటే ఇంచుమించు అసలు పరిమాణంలోనే కనబడుతుంది. 7 అంగుళాల తెర మీద 66 శాతం. మార్జిన్లు కత్తిరిస్తే 80 శాతం దాకా వస్తుంది, పాత పుస్తకాలలో అక్షరం కొంచెం పెద్దదే కనుక దానితో చదువుకోవచ్చు.

మార్జిన్ల కత్తిరింపు చిన్న విషయంగా కనబడుతుంది కాని, పీడీఎఫ్ చదివేవారికి ఇంతకంటే ఉపయోగపడే సౌకర్యం లేదు. చుట్టూ ఒక్కొక్క అంగుళం ఖాళీ ఉన్న ఎ4 పేజీని కత్తిరిస్తే, 10.3 అంగుళాల తెర మీద 70 శాతం కాస్తా 85 శాతం అవుతుంది. 12 పాయింట్ల అక్షరం 10 పాయింట్లుగా కనబడుతుంది. కనుక కొనే పరికరంలో మార్జిన్లను తనంతట తానే కత్తిరించే ఏర్పాటు ఉందా, ఆ కత్తిరింపు మిగిలిన పేజీలకు కూడా నిలిచి ఉంటుందా, సరి పేజీలకూ బేసి పేజీలకూ వేరువేరుగా చేయవచ్చా అన్నవి తప్పక కనుక్కోవాలి. లేకపోతే బ్రిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటరులోనే ముందుగా కత్తిరించుకోవచ్చు, అది సరి బేసి పేజీలను వేరుచేసి చూపుతుంది. చేతిలో ఇప్పటికే చిన్న ఈ-రీడర్ ఉన్నవారికి కె2పిడిఎఫ్ఆప్ట్ అనే మరొక ఉచిత సాధనం ఉంది. అది పేజీని బొమ్మగానే తీసుకొని, పదాలను ముక్కలుగా విడదీసి, చిన్న తెరకు తగినట్లు మళ్లీ పేరుస్తుంది. అక్షరాలను గుర్తించవలసిన అవసరం లేకుండా పనిచేసేది కనుక ఏ లిపికైనా వాడవచ్చు. అయితే ఒత్తులు తమ వరుస నుంచి తెగిపోతున్నాయేమో తెలుగు పేజీలలో ముందు పరీక్షించి చూసుకోవాలి. కోబో, పాకెట్‌బుక్ పరికరాలలోనూ ఆండ్రాయిడ్ ఉన్నవాటిలోనూ పెట్టుకోగలిగిన కేఓరీడర్ అనే ఉచిత అప్లికేషనులో ఈ కత్తిరింపూ పేర్పూ రెండూ ఉన్నాయి.

మరొక పద్ధతి పరికరాన్ని అడ్డంగా తిప్పి చదవడం. 7 అంగుళాల తెరను అడ్డంగా పట్టుకొంటే వెడల్పు 142 మిల్లీమీటర్లు అవుతుంది. మార్జిన్లు తీసేసిన ఎ4 పేజీ దాని మీద దాదాపు 89 శాతంగా, రెండు తెరలకు పైగా విడిపోయి వస్తుంది. ఒకే వరుసలో సాగే వచనానికి ఇది బాగానే పనిచేస్తుంది. రెండు నిలువు వరుసల వ్యాసాలకు, పట్టికలకు, మూలమూ అధోజ్ఞాపికా మార్చి మార్చి చూడవలసిన శాసన పాఠాలకు ఇది పనికిరాదు.

ఈ కారణాలన్నిటి వల్ల, పీడీఎఫ్‌ల కోసమే కొంటున్నవారికి 10.3 అంగుళాల తరగతి సరైనదని నా నిశ్చితాభిప్రాయం. ఓనిక్స్ బూక్స్ నోట్ ఎయిర్, కోబో ఎలిప్సా, రీమార్కబుల్ 2 ఈ తరగతిలోవి. 2022లో వచ్చిన తొలి కిండిల్ స్క్రైబ్ 10.2 అంగుళాలదైనా, అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండడం దాని ప్రత్యేకత. వీటి ధర 6 అంగుళాల పరికరం ధరకంటే చాలా ఎక్కువ ఉంటుంది, అది చిన్న తేడా కాదు. అంత పెట్టలేనివారు డెమీ పుస్తకాలే ఎక్కువగా చదివేవారైతే 7.8 అంగుళాలది తీసుకోవచ్చు. ఎ4 వ్యాసాలు చదివేవారు మాత్రం 6 అంగుళాలది కొనడం కంటే డబ్బు కూడేదాకా ఆగడం మేలు. పాఠ్యపుస్తకాలు రంగుల బొమ్మలతో ఉండి, మధ్యలో వీడియోలు కూడా చూడవలసిన విద్యార్థులకు ఈ-రీడర్ కంటే మామూలు ట్యాబ్లెట్టే ఉపయోగం. రంగుల ఈ-ఇంక్ తెరలు కూడా వచ్చాయి. వాటిలో కెలీడో 3 అనే రకం తెరలో నలుపు తెలుపులకు 300 పిక్సెళ్లు ఉన్నా రంగులకు 150 మాత్రమే. పైన రంగు పొర ఉండడం వల్ల తెర కొంత నల్లబారి ఉంటుంది. శాసనాల అచ్చుప్రతులు ఎలాగూ నలుపు తెలుపులే, మామూలు ఈ-ఇంక్ చూపే 16 బూడిద ఛాయలు వాటికి చాలు.

స్కాన్లు బరువైనవి, వందల మెగాబైట్లు ఉన్నవి సర్వసాధారణం. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో దొరికే పీడీఎఫ్‌లలో బొమ్మలను జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంచుతారు కనుక, బలహీనమైన ప్రాసెసర్ ఉన్న పరికరంలో పేజీ తిప్పినప్పుడల్లా ఆగి ఆగి వస్తుంది. కిండిల్‌కు ఈమెయిలులో పంపితే 50 మెగాబైట్లు, వెబ్ ద్వారా పంపితే 200 మెగాబైట్లు పరిమితి. అంతకు మించినవాటిని కేబులుతో ఎక్కించాలి. కొన్ని కేబుళ్లు చార్జింగుకే తప్ప ఫైళ్లు పంపడానికి పనికిరావు కనుక పరికరంతో వచ్చిన కేబులునే జాగ్రత్తగా ఉంచుకోండి.

మన ఎండల సంగతి ఎక్కడా రాయరు కాబట్టి ఇక్కడ చెప్పాలి. ఈ-ఇంక్ తెర ఎండలో ఎంత బాగా కనబడుతుందో అందరూ చెబుతారు, అది నిజమే. కాని కిండిల్ వంటి పరికరాలకు తయారీదారు సూచించే పని ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. కడపలో ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 దాటడం మామూలు. మధ్యాహ్నం బస్సు కిటికీ పక్కన ఒడిలో పెట్టుకొని చదవడం, ఆపి ఉంచిన కారులో వదిలేయడం ఆ తెరకూ బ్యాటరీకీ మంచిది కాదు. వేసవిలో పొద్దున్నా రాత్రీ చదువుకోవాలి. రాత్రి కరెంటు పోయినా, తెరకు ముందు వైపు దీపం ఉన్న పరికరమైతే చదువు ఆగదు. ఆ దీపం లేని నమూనాలు కూడా ఉన్నాయి కనుక కొనే ముందు చూసుకోవాలి.

మా అన్న కూతురు జిరాక్సు పరీక్ష చేసుకొని 10.3 అంగుళాలదే తీసుకొన్నది. చేతిలోకి రాగానే, తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే, మూడు జాతుల ఫైళ్లనూ ఎక్కించి చూడమన్నాను. యూనికోడ్ వ్యాసంలో ఒక పదాన్ని వెతకడం, అను ఫాంటు పుస్తకంలో ఒత్తులన్నీ సరిగా ఉన్నాయా చూడడం, అన్నిటికంటే బరువైన స్కానులో నూరో పేజీకి ఒక్కసారిగా దూకి ఎంతసేపు పడుతుందో గమనించడం, తెరంతా తెల్లగానూ నల్లగానూ చేసి చుక్కలేమైనా ఉన్నాయా వెతకడం, ఇవి చాలు. ఆమెకు ఎదురైన ఒకే ఒక చిక్కు ఫైళ్ల పేర్ల దగ్గర వచ్చింది. పరికరంలో తెలుగు ఫాంటు లేనందున తెలుగులో పెట్టుకొన్న పేర్లన్నీ ఖాళీ డబ్బాలుగా కనబడ్డాయి. కొన్ని స్కాన్లకైతే ఫైలు పేరుకు బదులు లోపల నమోదైన అంకెలు వచ్చాయి. ఫైళ్లకు ఇంగ్లీషు అక్షరాలతో రచయిత పేరు, పుస్తకం పేరు, సంవత్సరం వరుసగా పెట్టి, పీడీఎఫ్ లోపలి శీర్షికను కూడా క్యాలిబర్‌లో అలాగే మార్చి ఎక్కించుకొంటే వెతుక్కోవడం తేలికవుతుంది. ఫైళ్లు వందల్లోకి చేరకముందే ఆ పని చేసుకోవాలి.